దాచిన గాయానికి మందు లేదు

(దేవస్థాన కల్యాణ మండపంలో జరిగిన మహిళా భక్తుల సత్సంగంలో ఒక క్యాన్సర్ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



దేవాలయ ప్రాంగణంలో రోగం గురించిన ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. పైగా ఇది స్త్రీలు తమలో తాము సైతం గొంతు తగ్గించి చెప్పుకొనే రోగం. అయినప్పటికీ ఈ మాట ఇక్కడే చెప్పాలని నేను కోరుకున్నాను. అందుకు కారణమైన ఒక అనుభవాన్ని ముందుగా మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక పుణ్యక్షేత్రంలో యాత్రికుల కోసం ఏర్పాటు చేసిన ఉచిత వైద్య శిబిరానికి సేవకు వెళ్ళాను. అరవై ఏళ్ళు దాటిన ఒక తల్లి మోకాళ్ళ నొప్పులని చెప్పి వచ్చింది. బల్ల మీద చోటున్నా అందరికీ దూరంగా చివర కూర్చున్నది. తలనిండా మల్లెపూలు. పమిటను రెండు చుట్లు చుట్టి గుప్పిట బిగించి పట్టుకున్నది. ఆ మల్లెల పరిమళం వెనుక మరొక వాసన ఉన్నది. ఈ వృత్తిలో ఉన్నవారికి అది తెలిసిన వాసన. పక్కనున్నవారిని కాసేపు బయటికి పంపి, "అమ్మా, మోకాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ఆ పమిట కింద ఏమిటో నాకు చూపించు" అని అడిగాను.

"ఎవరికీ చెప్పకు తల్లీ" అంటూ ఆమె పమిట తీసింది. లోపల మడత పెట్టిన తువ్వాలు. దాని కింద ఎడమ రొమ్ము మీద అరచేతి వెడల్పున పుండు. రెండేళ్ళ నాడు చిన్న గడ్డగా మొదలైందట. నొప్పి లేదు కనుక ఊరుకున్నదట. ఆ తరువాత చర్మం ఎర్రబడింది, బిగుసుకుంది, పగిలింది. పసుపు పెట్టింది, ఆకు పసరు కట్టింది, విభూతి రాసింది. కోడలికి మాత్రం చెప్పలేదు.

ఆమె నన్ను అడిగిన ప్రశ్న మందు గురించి కాదు. "చీమూ నెత్తురూ కారే ఈ ఒంటితో గుళ్ళోకి పోవచ్చా అమ్మా? మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ధ్వజస్తంభం దగ్గరే దణ్ణం పెట్టుకొని తిరిగిపోయాను" అన్నది.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానమే ఈనాటి నా ప్రసంగం.

తిరుమల యాత్ర చేసినవారిలో చాలామందికి అనంతాళ్వారుల కథ తెలిసే ఉంటుంది. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి, స్వామివారి పుష్పకైంకర్యం కోసం ఆయన కొండ మీద తోట పెంచాడు, చెరువు తవ్వాడు. గర్భవతియైన భార్య మట్టి మోస్తుండగా ఒక బాలుడు వచ్చి ఆమెకు సాయపడ్డాడు. తమ కైంకర్యంలో మరొకరు చేయి పెట్టరాదని కోపించిన ఆళ్వారు చేతిలోని గునపాన్ని విసిరాడు. అది బాలుని చుబుకానికి తగిలింది. తరువాత గుడిలో చూస్తే స్వామివారి గడ్డం నుంచే రక్తం కారుతున్నది. ఆళ్వారు తల్లడిల్లి అక్కడ పచ్చకర్పూరం అద్దాడు. నేటికీ శ్రీవారి చుబుకాన కర్పూరం అలంకరిస్తున్నారు. ఆ గునపాన్ని మహాద్వారం వద్ద భక్తులు నేటికీ చూస్తున్నారు.

నేను పండితురాలిని కాను. అయినా ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకొక భావం కలుగుతుంది. స్వామి తన గాయాన్ని దాచలేదు. భక్తునికి కనబడనిచ్చాడు. కనబడింది కనుకనే ఉపచారం జరిగింది. దేవుడే దాచని గాయాన్ని మనం ఎందుకు దాచుకుంటున్నాం?

ఇక రోగం సంగతికి వస్తాను. మన పెద్దలు క్యాన్సర్‌ను రాచపుండు అన్నారు. లోపలి గడ్డలను చూసే యంత్రాలు లేని కాలంలో వారికి ఈ రోగం పుండుగానే కంటబడింది. ఈనాడు మన దేశ స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా వస్తున్నది రొమ్ము క్యాన్సరే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా ఈ వ్యాధి బయటపడింది. అదే సంవత్సరం సుమారు 98,000 మంది దీనితో మరణించారు. వ్యాధి ముదిరాక ఆసుపత్రికి రావడం ఇన్ని మరణాలకు ఒక ముఖ్య కారణం.

ఈ వ్యాధి చర్మం వరకు రావడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది, లోపలి గడ్డ పెరిగి పెరిగి పై చర్మాన్ని పట్టుకోవడం. మొదట చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు సొట్టపడుతుంది. చనుమొన లోపలికి తిరుగుతుంది. చర్మం దళసరిగా మారి, రంధ్రాలు స్పష్టంగా కనబడుతూ బత్తాయి తొక్కలాగా అవుతుంది. అప్పటికీ చూపించుకోకపోతే చర్మం పగిలి పుండు పడుతుంది. నేను శిబిరంలో చూసిన తల్లికి జరిగింది ఇదే.

రెండవది, చర్మంలోని సన్నని శోషరస నాళాలను క్యాన్సర్ కణాలు పూడ్చివేయడం. దీనిని వాపు రూపంలో వచ్చే రొమ్ము క్యాన్సర్ అని చెప్పుకోవచ్చు. ఇది అరుదైనది, కానీ చాలా వేగమైనది. నెలల్లో కాదు, వారాలలోనే రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, బరువెక్కి ఉబ్బిపోతుంది. చాలాసార్లు చేతికి గడ్డ తగలనే తగలదు. అందువల్ల సెగగడ్డ అనుకుంటారు. చంటిబిడ్డ తల్లి అయితే పాలు కట్టాయనుకుంటారు. నిజంగా పాలు కట్టినందువల్ల వచ్చిన వాపైతే మందులకు కొద్దిరోజులలో తగ్గుతుంది. మందులు వాడినా ఒకటి రెండు వారాలలో ఎరుపు, వాపు తగ్గకపోతే మళ్ళీ అవే మందులు కొనుక్కొని వాడుతూ కూర్చోకూడదు. క్యాన్సర్ వైద్యునికి చూపించి, చర్మం నుంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాలి.

మూడవది, రక్తం ద్వారానో, శోషరసం ద్వారానో కణాలు దూరానికి వెళ్ళి చర్మంలో మొలకెత్తడం. శస్త్రచికిత్స అయి, అంతా బాగుందనుకున్న కొన్నేళ్ళకు సైతం ఇది రావచ్చు. ఎక్కువగా పాత కోత గీత దగ్గర, ఛాతీ మీద కనబడుతుంది. కందిగింజంత, శనగగింజంత గట్టి బొడిపెలు వస్తాయి. అవి చర్మం రంగులోనే ఉండవచ్చు, ఎర్రగానూ ఉండవచ్చు. సాధారణంగా నొప్పి ఉండదు. కొందరిలో దద్దురులాగా ఎర్రని మచ్చ వ్యాపిస్తుంది. మరికొందరిలో ఛాతీ చర్మమంతా కవచం తొడిగినట్టు బిగుసుకుపోతుంది. అరుదుగా తల మీద గుండ్రంగా జుట్టు రాలిపోయిన చోట కూడా ఇది బయటపడుతుంది. రవికె రాపిడి అనో, చెమటకాయ అనో, వేడి చేసిందనో అనుకొని ఊరుకునేది ఇక్కడే.

ఇవి కాక చనుమొన మీద వచ్చే మరొక మార్పు ఉన్నది. 1874లో జేమ్స్ పేజెట్ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని వర్ణించాడు. చనుమొన పొక్కు కట్టి, దురద పెట్టి, పొలుసులు రాలుతుంది. చూడటానికి అచ్చం తామరలాగా ఉంటుంది. నెలల తరబడి పూతమందులు రాసినా మానదు. ఒకవైపు చనుమొన మీద మాత్రమే ఉండి మానని పొక్కును తామర అని తేల్చుకునే ముందు ముక్క పరీక్ష చేయించడం అవసరం.

మాతృమూర్తులారా, ఇంత వివరంగా చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. శరీరం లోపలి రోగాలను కనిపెట్టడానికి ఎన్నో పరీక్షలు కావాలి. చర్మం మీదికి వచ్చిన దానిని కనిపెట్టడానికి స్నానాల గదిలో వెలుతురు, ఒక అద్దం, రెండు నిమిషాల తీరిక చాలు. రెండు చేతులూ పైకెత్తి చూసుకోండి. సొట్ట, ఎరుపు, తొక్కలాంటి దళసరి చర్మం, మానని పొక్కు, చనుమొన నుంచి రక్తం, చంకలో బిళ్ళలు కనబడితే ఆ వారంలోనే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. చూసుకున్నప్పుడు ఏమీ కనబడకపోయినా, 30 ఏళ్ళు నిండిన స్త్రీలకు ఐదేళ్ళకొకసారి రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ నిబంధనలలో ఉన్నది. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అడగండి. అయ్యలారా, ఈ మాటలు మీకు కూడా వర్తిస్తాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి ఒకరు పురుషులు ఉంటారు.

ముక్క తీస్తే రోగం ఒళ్ళంతా పాకుతుందనే భయం మన ఊళ్ళలో బలంగా ఉన్నది. ఆ భయం వల్ల నష్టపోయినవారిని నేను ఎందరినో చూశాను. పరీక్ష కోసం సూది గుచ్చడం వల్ల రోగం ఒళ్ళంతా పాకదు. పరీక్ష లేకుండా గడిచిన కాలంలో పాకుతుంది. పైగా వైద్యానికి దారి చూపేది ఆ చిన్న ముక్కే. ఆ కణాలు హార్మోన్లకు లొంగుతాయా, హెర్-2 అనే ప్రోటీన్ వాటిలో ఎక్కువగా ఉన్నదా అనేది అందులోనే తెలుస్తుంది. హార్మోన్లకు లొంగే రకమైతే రోజుకొక మాత్రతోనే పుండు ఎండి, చిన్నదైపోవడం నా కళ్ళతో చూశాను. హెర్-2 ఉన్నవారికి ప్రత్యేకమైన ఇంజెక్షన్లున్నాయి. అవసరాన్ని బట్టి కీమో, శస్త్రచికిత్స, మన జనం కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్ ఉన్నాయి.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. రొమ్ము మీది చర్మం వరకే వచ్చి, దూరం పోకుండా ఉన్న వ్యాధిని పూర్తిగా నయం చేయాలనే సంకల్పంతోనే వైద్యం చేస్తాం. చాలామందిలో అది సాధ్యమవుతుంది. దూరపు చర్మానికి, ఎముకలకు, ఊపిరితిత్తులకు పాకిన తరువాత సాధారణంగా పూర్తిగా పోదు. అయినా అదుపులో ఉంటుంది. మందులతో ఏళ్ళ తరబడి ఇంటి పనులు చేసుకుంటూ, మనవలను ఎత్తుకుంటూ, యాత్రలు చేస్తూ ఉన్నవారున్నారు. అద్భుతంగా నయం చేస్తామని చెప్పి మందులు మాన్పించేవారి మాట నమ్మకండి. ఇక చేయగలిగింది ఏమీ లేదనే మాటను కూడా నమ్మకండి. నయం చేయలేని చోట సైతం బాధను తగ్గించగలం.

ఇక పుండు సంగతి. వాసన ఎందుకు వస్తుంది? గడ్డలో రక్తం అందని భాగం చచ్చిపోతుంది. ఆ చచ్చిన కండలో గాలి అక్కరలేని సూక్ష్మజీవులు చేరతాయి. వాసన వాటిది. ఆ తల్లి నడవడికది కాదు, శుభ్రతది కాదు, పూర్వజన్మది అంతకన్నా కాదు. ఆ సూక్ష్మజీవులను చంపే మెట్రోనిడజోల్ అనే మందు ఉన్నది. అది ఏళ్ళుగా వాడుకలో ఉన్న చవకైన మందు. వైద్యుని సలహాతో జెల్ రూపంలోనో, మాత్రను పొడి చేసో పుండు మీద వేస్తారు. కొన్ని రోజులలోనే వాసన బాగా తగ్గుతుంది. మల్లెపూలు చేయలేని పని ఆ పొడి చేస్తుంది.

కట్టు మార్చేటప్పుడు ఎండిన గుడ్డను లాగకూడదు. సెలైన్ నీటితో తడిపి, నానిన తరువాత మెల్లగా తీయాలి. పుండుకు అతుక్కోని కట్లు దొరుకుతాయి, వాటిని వాడాలి. రక్తం వస్తే కంగారు పడకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పసుపు, ఆకు పసరు, బూడిద, విభూతి, కర్పూరం పుండు మీద వేయకండి. స్వామి ప్రసాదాన్ని కళ్ళకద్దుకోండి, నుదుట ధరించండి. పుండుకు మాత్రం వైద్యుడు చెప్పిన మందే వేయండి. నొప్పికి అవసరమైతే మార్ఫిన్ వంటి మందులు వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. నొప్పిని ఓర్చుకోవడం వల్ల పుణ్యం రాదు.

ముఖ్యమైన మాట మరొకటి. ఇది అంటురోగం కాదు. ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు, ఎంగిలి తింటే రాదు. వేరే కంచం, వేరే మంచం, వేరే గది అక్కరలేదు. కట్టు మార్చేవారు చేతులు కడుక్కొని తొడుగులు వేసుకోవడం ఏ పుండుకైనా పాటించే శుభ్రత మాత్రమే. అంతకు మించి దూరం పెట్టడమంటే రోగం ఇవ్వని శిక్షను మనం విధించడం. "ఏ పాపం చేశానో" అని ఆమె అన్నప్పుడు ఇంట్లోవారు మౌనంగా ఉండకండి. మౌనమంటే ఔనన్నట్టే ఆమెకు వినిపిస్తుంది. వయసు, వారసత్వం, హార్మోన్లు, ఇంకా మనకు అంతుపట్టని కారణాలు కలిసి ఈ వ్యాధి వస్తుంది. గుడిలో దీపం పెట్టిన చేతికీ వస్తుంది, పెట్టని చేతికీ వస్తుంది.

దాతలకు ఒక విన్నపం. 1954లో మద్రాసులోని అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు క్యాన్సర్ ఆసుపత్రిని ప్రారంభించినప్పుడు దానిలో ఉన్నవి 12 పడకలే. క్యాన్సర్‌తో కన్నుమూసిన చెల్లెలి బాధను కళ్ళారా చూసిన అనుభవం ఆమెను ఆ పనికి పురికొల్పింది. ఎందరో దాతల చేయూతతో అది పెరిగింది. ఈనాడు మన హైదరాబాదులో ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి వంటివి ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల ఎందరో పేదలకు ఉచితంగా వైద్యం అందుతున్నది. అయితే మందు ఉచితమైనా బస్సు చార్జీ ఉచితం కాదు. తోడు వచ్చిన కొడుకు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. కట్ల గుడ్డలు నెలనెలా కొనాలి. చికిత్స వారాల తరబడి సాగితే పట్నంలో తలదాచుకోవడానికి చోటు కావాలి. భవనం మీద పేరు వేయించే దానం గొప్పదే. పేరు కనబడని ఈ చిన్న ఖర్చులు భరించే దానం వల్ల చికిత్స మధ్యలో ఆగకుండా ఉంటుంది. క్షేత్రాలలో శిబిరాలు పెట్టే మహానుభావులు ఒక మహిళా వైద్యురాలిని, తెర కట్టిన ఒక గదిని తప్పక ఏర్పాటు చేయాలని చేతులు జోడించి ప్రార్థిస్తున్నాను. ఆ తెర లేకపోతే మోకాళ్ళ నొప్పి అని చెప్పి, అసలు నొప్పి చెప్పకుండానే వెళ్ళిపోతారు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. ఆ రోజు పుండు కడిగి, మందు వేసి, శుభ్రమైన కట్టు కట్టాను. "అమ్మా, ఆచారం సంగతి పెద్దలు చెప్పాలి. వైద్యురాలిగా నేను చెప్పేది ఇది. నీ కట్టు శుభ్రంగా ఉన్నది. నీ వల్ల ఎవరికీ ఏ రోగమూ రాదు. గాయం ఉన్న చోట కర్పూరం పెట్టించుకున్న స్వామి నీ గాయాన్ని చూసి ముఖం తిప్పుకుంటాడా?" అన్నాను. తరువాత ఆమె అనుమతితో బయట వేచి ఉన్న కోడలిని లోపలికి పిలిచాను. ఆ అమ్మాయి చూసి నిశ్చేష్టురాలైంది. కొంతసేపటికి అత్తగారి చేయి పట్టుకొని, "రెండేళ్ళు ఒక్కదానివే మోశావా అత్తయ్యా? నాకు చెప్తే అప్పుడే తీసుకుపోయేదాన్ని కదా" అన్నది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి గర్భాలయం దాకా వెళ్ళి దర్శనం చేసుకున్నారు. పరీక్షలో ఆమెది హార్మోన్లకు లొంగే రకమని తేలింది. ఆరు నెలలలో పుండు రూపాయి బిళ్ళంత అయింది. వ్యాధి అప్పటికే ఎముకలకు చేరడం వల్ల ఆమెను శాశ్వతంగా కాపాడలేకపోయాం. మూడేళ్ళు బ్రతికింది. ఆ మూడేళ్ళూ కోడలే కట్టు మార్చింది. ఏటా ఒకసారి ఇద్దరూ స్వామి దర్శనానికి వచ్చారు. మల్లెలు అప్పుడూ పెట్టుకున్నది, ఇష్టం కొద్దీ.

కోడలు అన్న ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. గడ్డ చిన్నగా ఉన్న ఆ మొదటి రోజులలోనే ఆ చేయి పట్టుకొని ఉంటే కథ మరోలా ముగిసేదేమో. ఇక్కడ కూర్చున్న తల్లులలో ఎవరైనా పమిట చాటున ఏదైనా దాచుకొని ఉంటే, ఈ రాత్రి మీ కూతురికో, కోడలికో, చెల్లెలికో చూపించండి. రేపు ఉదయం వైద్యునికి చూపించండి. స్వామికి చెప్పుకోవడానికి మొహమాటం లేనప్పుడు, స్వామి పంపిన మనుషులకు చెప్పుకోవడానికి మొహమాటమెందుకు?